జీను లేకుండా గుర్రం ఎక్కడం మంచిదా కాదా? మా పిల్లగాడికి ఎట్లా నేర్పాలి?

డిండి_రైతు:
అందరికీ నమస్తే. మాది దేవరకొండ వైపు. తోట దగ్గర ఉంచుకుందామని ఒక ఆడగుర్రాన్ని కొన్నాం, ఆరేళ్ళది, పొట్టి జాతి, నెమ్మదైనది. మా పెద్దోడు తొమ్మిదో తరగతి, వాడికి స్వారీ నేర్పాలని నా కోరిక. గొడవ ఇక్కడే మొదలైంది. మా చిన్నాయన గొంగడి మడతేసి దాని మీదే కూర్చుని ఊళ్ళు తిరిగిన మనిషి, జీను వేసి నేర్పితే వాడికి జన్మలో స్వారీ రాదు అంటాడు. హైదరాబాద్‌లో రైడింగ్ నేర్పే ఒకాయనను అడిగితే, జీను లేకుండా ఎక్కితే గుర్రం నడుం పాడవుతుంది, పిల్లాడు పడితే చెయ్యి విరుగుతుంది అన్నాడు. ఇద్దరూ గుర్రాలు తెలిసినవాళ్ళే. నాకేమో ఎటూ తేలడం లేదు, ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ.

పాలమూరు_రౌతు:
అన్నా, మీ చిన్నాయన మాట వినండి. జీను మీద ఎక్కినోడు రికాబుల మీద, అంటే జీనుకు రెండు పక్కలా వేలాడే పాదాలు పెట్టుకునే కడియాల మీద, నిలబడటం అలవాటు చేసుకుంటాడు, భయమేస్తే జీను పట్టుకుంటాడు, కింద గుర్రం ఏం చేస్తోందో వాడికి అందదు. ఉత్త వీపు మీద కూర్చుంటే ఏ కాలు ఎత్తుతోందో, ఏ భుజం కదులుతోందో కూర్చున్న చోటే తెలుస్తుంది. గుర్రం బెదిరే ముందు వీపు బిగుసుకుంటుంది, ఆ బిగుసుకోవడం ముందే తెలిసిందంటే సగం ప్రమాదాలు తప్పినట్టే. మోకాళ్ళతో అదిమి పట్టుకుంటే మాత్రం పైకి జారిపోతారు, కాళ్ళు వదులుగా వేలాడేసి నడుం సడలించి కూర్చోవాలి. అది ఒక్కసారి ఒంటికి పట్టిందంటే తర్వాత ఏ జీను వేసినా ఇబ్బంది లేదు.

ఇంకోటి, రికాబులో పాదం ఇరుక్కుని గుర్రం ఈడ్చుకుపోవడం కన్నా భయంకరమైనది స్వారీలో లేదు. మన పిల్లలు చెప్పులేసుకుని ఎక్కుతారు. చెప్పుకు మడమ ఉండదు కాబట్టి పాదం రికాబులోంచి చీలమండ దాకా దూరిపోతుంది. జీను లేకపోతే ఆ గండమే లేదు, పడితే విడిగా పడతాడు.

నల్లగొండ_పశువైద్యం:
రౌతు గారు అంతా మనిషి గురించే చెప్పారు. మోసేది గుర్రం కదా, దాని సంగతి కూడా చూడాలి. కుర్చీలో మీ అరచేతులు కింద పెట్టుకుని కూర్చుని చూడండి, రెండు ఎముకలు గుచ్చుకుంటాయి. జీను లేకుండా కూర్చుంటే మీ బరువులో ఎక్కువ భాగం ఆ రెండు ఎముకల కిందే పడుతుంది, అదీ వెన్నెముకకు బాగా దగ్గరగా. సరిగ్గా కుదిరిన జీనుకు నడిమధ్యలో కాలువ లాగా ఖాళీ ఉంటుంది, బరువు వెన్నుపూసల మీద పడకుండా అటూ ఇటూ ఉన్న కండల మీద పరుచుకుంటుంది. 2013లో అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు గుర్రం వీపు మీద సెన్సార్లున్న చాప పరిచి, జీనుతో ఒకసారి, లేకుండా ఒకసారి కొలిచారు. జీను లేనప్పుడు బరువు తగిలే చోటు చిన్నదైంది, ఒత్తిడి పెరిగింది.

గొంగడి గురించి అడుగుతారని ముందే చెబుతున్నా. గొంగడి చెమట పీలుస్తుంది, ఒరిపిడి తగ్గిస్తుంది, ఆ మేరకు మంచిదే. కానీ బరువును పరచదు, ఎముక కింద అణిగిపోతుంది. కండ పట్టిన గుర్రం మీద తేలికైన మనిషి కాసేపు నడకలో తిరిగితే నేనేమీ అనను. బక్కచిక్కి వెన్ను బయటికి కనిపించే గుర్రం మీద ఉత్తగా కూర్చోవడం మాత్రం దాన్ని హింసపెట్టడమే.

వనపర్తి_బరాత్:
సార్ చెప్పింది కరెక్టే కానీ "సరిగ్గా కుదిరిన జీను" అన్న మాట దగ్గర ఆగాలి. మాది పెళ్ళి గుర్రాల పని. మా దగ్గర ఒకే జీను నాలుగు గుర్రాలకు తిప్పుతారు చాలామంది. ఇరుకు జీను మెడ మొదట్లో ఎత్తుగా ఉండే ఎముకను రెండు వైపులా నొక్కి నొక్కి పుండు చేస్తుంది. గుర్రం కొనడానికి వెళ్ళినప్పుడు అక్కడ వేళ్ళతో వెంట్రుకలు పక్కకు తీసి చూడండి, నల్ల గుర్రానికో ఎర్ర గుర్రానికో అదే చోట తెల్ల వెంట్రుకల మచ్చ ఉంటే అది చాలాసార్లు పాత జీను దెబ్బే. అట్లాంటి జీను వేసేకన్నా ఉత్త వీపు నయం.

ముళ్ళ కళ్ళెం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కూర్చోవడం రానివాడు జీను లేకుండా ఎక్కితే పడిపోకుండా పగ్గాలు పట్టుకుని వేలాడతాడు, ఆ లాగుడంతా గుర్రం నోటి మీద పడుతుంది. దానికి తోడు ముళ్ళ కళ్ళెం ఉంటే నోరంతా రక్తమే. జంతువులను హింసించకుండా కేంద్రం తెచ్చిన 1965 నిబంధనల ప్రకారమే అది నిషేధం, అయినా బరాత్‌లలో ఇంకా చూస్తున్నాం. నాకు చాలా కోపం వచ్చే విషయం ఇది.

హాలియా_అక్క:
తమ్ముడూ, గుర్రం సంగతి పెద్దలు చెప్పారు, నేను పిల్లాడి గురించి అడుగుతున్నా. మన దిక్కు నేల సంగతి తెలుసు కదా, చెలక పక్కనే బండ, బండ పక్కనే సీసీ రోడ్డు. నేర్చుకునేవాడు జీను లేకుండా ఎక్కితే పడటం ఖాయం. హెల్మెట్ లేకుండా ఎక్కించొద్దు, జీను ఉన్నా లేకున్నా. దున్నిన మడిలోనో ఇసుకలోనో నేర్పండి, కాలువ కట్ట మీద మాత్రం వద్దు.

నల్లగొండ_పశువైద్యం:
డిండి అన్నా, ముందు గుర్రం బరువు తెలుసుకోండి. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం కొన నుంచి పిర్ర కొన దాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో టేపుతో తీయండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, మళ్ళీ పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో సుమారు బరువు వస్తుంది. మనిషి, జీను కలిపి దాంట్లో ఐదో వంతు దాటకూడదని లెక్క.

డిండి_రైతు:
కొలిచాను సార్. చుట్టు 145, పొడవు 135. అంటే 239 కిలోలు, ఐదో వంతు 48 దాకా వస్తుంది. మావాడు 41 కిలోలు, నేను 72. దొరికిన జీను ఏడు కిలోలుంది.

నల్లగొండ_పశువైద్యం:
అయితే మీరు ఎక్కొద్దు. జీను వేసినా, తీసేసినా వద్దు.

పాలమూరు_రౌతు:
చూశారా, పిల్లాడికి జీను వేస్తే సరిగ్గా 48, ఒక్క కిలో కూడా సందు లేదు. తీసేస్తే ఏడు కిలోలు తేలిక. చిన్న గుర్రాలకు ఏడు కిలోలు తక్కువేమీ కాదు. జీను లేకుండా నేర్పమని నేను అనేది ఇందుకే.

నల్లగొండ_పశువైద్యం:
ఆ లెక్క ఒప్పుకుంటా, 48 అంచు మీదే ఉంది, అందుకే తేలిక జీను చూడమంటాను. కానీ మొత్తం బరువు తగ్గినంత మాత్రాన ఒక్కచోట నొక్కుడు తగ్గదు. ఎగిరెగిరి పడే ట్రాట్‌లో, అంటే గుర్రం చిన్న పరుగులో, కొత్త పిల్లాడు ప్రతి అడుగుకూ వీపు మీద దబ్బున పడతాడు. కూర్చోవడమే నేర్పాలంటే జీను వేసి రికాబులు తీసేయండి, ఒకరు పొడవాటి తాడు పట్టుకుని గుర్రాన్ని గుండ్రంగా నడిపించాలి, పగ్గాలు పిల్లాడి చేతికి ఇవ్వొద్దు. మీరు చెప్పిన నడుం సడలించడం అట్లా కూడా వస్తుంది, గుర్రం నోరూ బాగుంటుంది. ఉత్త వీపు తర్వాత చూద్దాం, అదీ నడకలోనే, పావుగంట చాలు. దిగాక వెన్నుకు రెండు వైపులా వేళ్ళతో మెల్లగా నొక్కుకుంటూ వెళ్ళండి. గుర్రం వీపు కిందికి దించినా, చెవులు వెనక్కి మడిచినా అక్కడ నొప్పి ఉన్నట్టే, అది తగ్గేదాకా ఎవరూ ఎక్కొద్దు.

వనపర్తి_బరాత్:
జీను వేశాక, పిల్లాడు ఎక్కి కూర్చున్నాక కూడా మెడ మొదట్లో ఎముకకూ జీనుకూ మధ్య రెండు మూడు వేళ్ళు దూరాలి అన్నా. దూరకపోతే ఆ జీను మీ గుర్రానిది కాదు, వాపసు ఇచ్చేయండి.

పాలమూరు_రౌతు:
రికాబులు తీసేసిన జీను అంటే సరే, అది నాకూ నచ్చింది. తాడు పద్ధతి మీ చిన్నాయనకు కూడా నచ్చుతుంది. పావుగంట అన్నదానికి మాత్రం నేను ఒప్పుకోను సార్, గుర్రం కండ పట్టి ఉంటే 41 కిలోల పిల్లాడిని నడకలో అరగంట మోస్తుంది. ఇంకొక మాట డిండి అన్నా, మడమ ఉన్న బూట్లు కొనేదాకా ఆ రికాబులు జీనుకు తగిలించనే తగిలించకండి, ఎవరు చెప్పినా సరే.