‘గన్సెల్’ అంటే గన్ను పట్టుకున్నవాడేనా?

డాషియెల్ హామెట్ ‘మాల్టీస్ ఫాల్కన్’ (1930) తెలుగు చేస్తున్నాను. ఫాల్కన్ అనే డేగ బొమ్మ కోసం వెతికే గట్‌మన్ వెంట తిరిగే విల్మర్ అనే కుర్రాణ్ణి డిటెక్టివ్ స్పేడ్ ‘గన్సెల్’ అంటాడు. డిక్షనరీలో తుపాకీ రౌడీ అనే అర్థమూ ఉంది. వాడి దగ్గర రెండు పిస్టళ్లు ఉంటాయి కాబట్టి సరిపోయినట్టే ఉంది. ‘తుపాకీ రౌడీ’ అనేయొచ్చా?

— అనకండి. ఇందులో గన్ను లేదు. యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో బాతుపిల్లను అనే మాట అది. అమెరికాలో దేశదిమ్మరుల భాషలోకి, జైళ్లలోకి వచ్చేసరికి, పెద్దవాడు ఉంచుకున్న కుర్రాడు అనే అర్థం పట్టింది. హామెట్ పింకర్టన్ అనే డిటెక్టివ్ ఏజెన్సీలో పనిచేసినవాడు, ఈ భాషంతా చెవిన పడ్డదే. నవల ముందు ‘బ్లాక్ మాస్క్’ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఎడిటర్ జోసెఫ్ షా బూతు కనిపిస్తే ఊరుకునే రకం కాదు. అందుకని హామెట్ ఓ ఎర వేశాడని పెరీ మేసన్ అనే లాయర్ పాత్ర సృష్టికర్త, రచయిత గార్డ్‌నర్ 1965లో ‘అట్లాంటిక్’ పత్రికలో రాశాడు. ‘గూస్‌బెరీ లే’ అని ఇంకో మాట పెట్టాడట. చదివితే ఏదో బూతులా ఉంటుంది గానీ, దండెం మీద ఆరేసిన బట్టలు కొట్టేయడమే దానర్థం! షా దాన్ని పట్టుకుని, అసలుదాన్ని వదిలేశాడట.

— కథ బాగుంది గానీ, పుస్తకంలో ‘గూస్‌బెరీ లే’ కూడా ఉందండీ. స్పేడ్ విల్మర్‌నే ఎగతాళి చేస్తూ అంటాడు.

— ఉంది. గార్డ్‌నర్ కూడా కథలల్లేవాడే కదా, కాస్త ఉప్పూకారం వేసి ఉంటాడు. కానీ ‘గన్సెల్’ తప్పించుకున్న మాట నిజం. 1941లో జాన్ హస్టన్ తొలి సినిమాగా ఇదే తీసినప్పుడు, హాలీవుడ్ సెన్సార్ కోడ్ ప్రకారం స్వలింగ సంబంధాల ఊసే ఎత్తకూడదు. నవలలో ఫాల్కన్ కోసమే తిరిగే కైరో అనేవాడి సంగతి స్పేడ్ సెక్రటరీ ఎఫీ స్పేడ్‌తో సూటిగా చెప్పేస్తుంది. సినిమాలో అతని విజిటింగ్ కార్డు వాసన గురించి ‘గార్డీనియా’ అని ఓ పువ్వు పేరు చెప్పి ఊరుకుంటుంది. అంత జాగ్రత్తపడ్డ సినిమాలోనే స్పేడ్ వేషం వేసిన బోగార్ట్ నోట ‘గన్సెల్’ దర్జాగా వినిపిస్తుంది. ఆ తర్వాత గన్ను శబ్దం చూసి మిగతా రచయితలూ రౌడీ అనే అర్థంలోనే వాడేశారు. మీ డిక్షనరీ అర్థం అలా వచ్చిందే.

— మన ‘వెధవ’ లాగే. ‘విధవ’ అని తలుచుకుని ఎవరు తిడుతున్నారు?

— తేడా ఉందండీ. ‘వెధవ’ వాడి వాడి అరిగిపోయింది. దీన్ని అపార్థం మార్చేసింది.

— అయితే ‘ఉంచుకున్న కుర్రాడు’ అంటే?

— అర్థం సరే. కానీ తెలుగులో ‘ఉంచుకోవడం’ అనగానే అందరికీ తెలిసిపోతుంది, దొంగచాటుతనం పోతుంది. విల్మర్‌ను పోలీసులకు ఒప్పగించే చోట గట్‌మన్ ఏమంటాడో చూడండి: కొడుకు పోతే ఇంకో కొడుకు దొరకొచ్చు, ఫాల్కన్ మాత్రం ఒక్కటే అని. ‘గన్సెల్’ తెలిసినవాడికి ఆ ‘కొడుకు’ వేరేగా వినిపిస్తుంది. తెలియనివాడు మామూలుగా చదువుకుంటూ పోతాడు. ఆ రెండూ కుదిరే మాట కావాలి.

— ‘పెంపుడు కుర్రాడు’ ఎలా ఉంది? పెంపుడు కొడుకూ గుర్తొస్తాడు, పెంపుడు కుక్కా గుర్తొస్తుంది.

— ఇది పెట్టేయండి. ఎడిటర్ అడిగితే దత్తత అని చెప్పండి.