పనులన్నీ అవుతూనే ఉన్నాయి, ఏదీ చేయాలనిపించడం లేదు. దీనికి కూడా డాక్టరు దగ్గరికి వెళ్లాలా?

లెక్కలపద్దు:
ఆడిటింగ్ పనిలో ఉన్నాను. పైకి చూస్తే ఏ లోటూ లేదు. ఫైళ్లు టైముకే వెళ్తున్నాయి, ఇంట్లో గొడవల్లేవు. కానీ కొన్ని నెలలుగా దేని మీదా మనసు నిలవడం లేదు. ఇష్టపడి కీబోర్డు నేర్చుకునేవాణ్ణి, ఇప్పుడు దాని మీద కప్పిన గుడ్డ తీయబుద్ధి కావడం లేదు. ఫ్రెండు ఫోన్ చేస్తే రింగ్ ఆగేదాకా చూస్తూ కూర్చుంటాను, ఆగాక "బిజీగా ఉన్నా" అని మెసేజ్ పెడతాను. బిజీ ఏమీ లేదు, ఉత్తినే కూర్చుని ఉంటాను. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తుంది. ఇక అప్పటినుంచి క్లయింటు అన్న మాట, నేను అనకుండా మింగేసిన మాట, తిరిగి తిరిగి అవే.

ధ్యానం చెయ్యమన్నారు. కళ్లు మూసుకుంటే ఆ మాటలే ఇంకా గట్టిగా వినిపిస్తున్నాయి. "నీకేం తక్కువ?" అన్నవాళ్లూ ఉన్నారు. ఆ మాట విన్నాక ఎవరికీ చెప్పడం మానేశాను. ఇది జబ్బా, బద్ధకమా? సూటిగా చెప్పండి.

మైక్రోస్కోపు:
నాది ల్యాబ్ పని కాబట్టి నా వైపు నుంచి ఒక్క మాట. థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ చూపించుకోండి. థైరాయిడ్ తగ్గినా నీరసం, దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం ఇలాగే ఉంటాయి. మనసు సంగతి తేల్చేముందు ఒంటి సంగతి తెలిస్తే మంచిది.

వార్డు నర్సు:
లెక్కలపద్దు గారూ, బద్ధకస్తుడు ఫోన్ ఎత్తడు, హాయిగా నిద్రపోతాడు. మూడింటికి లేచి బాధపడుతూ కూర్చోడు. కాబట్టి ఆ మాట పక్కన పెట్టండి.

మానసిక వైద్య విభాగంలో పనిచేస్తాను. నేను డాక్టర్ని కాను, ఇక్కడ కూర్చుని మీకు జబ్బు పేరు పెట్టలేను. కానీ మీకు లెక్కలు అలవాటు కదా, పీహెచ్‌క్యూ-9 అని, కుంగుబాటు (డిప్రెషన్) ఎంత ఉందో చూసే ప్రశ్నపత్రం ఉంది, 2001 నుంచి వాడుకలో ఉంది. తొమ్మిది ప్రశ్నలు, అన్నీ గత రెండు వారాల గురించే. ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆలస్యం చేయకుండా ఎవరికైనా చూపించుకోవాలి. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండు అనిపించడం గురించి. దానికి సున్నా కాకుండా ఏ అంకె వేసినా మొత్తంతో పని లేదు, ఆ రోజే ఎవరితోనైనా మాట్లాడాలి, ఒంటరిగా ఉండకూడదు.

ఇక కీబోర్డు సంగతి. "వాయించాలనిపించినప్పుడు వాయిస్తాను" అని కూర్చుంటే ఆ అనిపించడం రాదు. మామూలు రోజుల్లో ముందు కోరిక పుడుతుంది, తర్వాత పని. కుంగుబాటులో ఆ వరస తిరగబడుతుంది: ముందు పని, కోరిక మెల్లగా వెనక వస్తుంది, ఒక్కోసారి చాలా రోజుల తర్వాత. మాట వరసకి చెప్పడం లేదు. 1996లో అమెరికా మనస్తత్వవేత్త నీల్ జేకబ్‌సన్ బృందం కుంగుబాటు చికిత్సలోంచి ఆలోచనలను సరిదిద్దే భాగం తీసేసి, రోజువారీ పనుల్లోకి మనిషిని తిరిగి దించే భాగాన్ని మాత్రమే ఇచ్చి చూసింది. అది మొత్తం చికిత్సకు ఏమాత్రం తీసిపోలేదు. కాబట్టి పాట వాయించాలని పెట్టుకోకండి. గుడ్డ తీసి, రెండు నిమిషాలు వేళ్లు ఆడించి లేచిపోండి. బాగుందా లేదా అని మాత్రం అప్పుడే తూకం వేయొద్దు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది జారిపోయేది అక్కడే: చేశాను, ఏం అనిపించలేదు, కాబట్టి దండగ.

మూడింటి మెలకువకి: ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టదనిపిస్తే మంచం దిగండి. గడియారం చూడకుండా, అందాజుగా. తక్కువ వెలుతురులో కూర్చుని విసుగు పుట్టించే పని ఏదైనా చేసి, నిద్ర ముంచుకొచ్చాకే పడుకోండి. మంచం అంటే ఆలోచనల చోటు అని ఒంటికి అలవాటైపోతే విడిపించడం కష్టం. ఆ క్లయింటు మాటల కోసం పగలు ఒక అరగంట కేటాయించండి, రోజూ అదే టైము, అదే కుర్చీ. రాత్రి గుర్తొస్తే చీటీ మీద రాసి రేపటికి వాయిదా. వినడానికి వింతగా ఉంటుంది కానీ చాలామందికి పనిచేస్తుంది.

ధ్యానం కుదరకపోతే తప్పేమీ లేదు, మానేయండి. నడవండి.

రెండో షిఫ్టు:
మందుల మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తాను, నేను వాడాను. అవసరమని డాక్టరు రాస్తే భయపడకండి. మొదటి రోజుల్లో వికారం లాంటివి ముందొస్తాయి, మేలు తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఈలోగా మనసు మరీ పాడైతే వెంటనే డాక్టరుకు చెప్పాలి. బాగైపోయింది కదా అని మీ అంతట మీరు టక్కున ఆపకూడదు, తల తిరుగుడు, చిరాకు పట్టుకుంటాయి. డోసు మెల్లగా డాక్టరే తగ్గిస్తారు.

లెక్కలపద్దు:
అందరికీ థాంక్స్. ప్రశ్నపత్రం నింపాను, పన్నెండు వచ్చింది. తొమ్మిదోదానికి సున్నా. గుడ్డ తీశాను, ఏమీ అనిపించలేదు, మీరు ముందే చెప్పారు కాబట్టి తిట్టుకోలేదు. అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. కానీ లోపలికి వెళ్లి ఏమని మొదలుపెట్టాలి? "బాగానే ఉన్నానండీ" అని వచ్చేస్తానేమోనని భయంగా ఉంది.

వార్డు నర్సు:
ఆ కాగితమే చేతికివ్వండి. ఎప్పటినుంచి ఇలా ఉందో, నిద్ర ఎన్నింటికి తెగిపోతోందో, ఏమేం మానేశారో మూడు లైన్లు వెనక పేజీలో రాసుకెళ్లండి. రింగ్ ఆగేదాకా ఫోన్ చూస్తూ కూర్చున్నది ఇక్కడ రాశారు కదా, అదే మాట అలాగే చెప్పండి. మైక్రోస్కోపు గారు చెప్పిన రక్తపరీక్షల రిపోర్టు ఉంటే అదీ పట్టుకెళ్లండి.