‘టర్బులెన్స్’కి మన మాట: కుదుపా, కల్లోలమా?

గాలి చెదిరి విమానాన్ని ఊపేసే ‘టర్బులెన్స్’కి తెలుగేమిటని ఈ చర్చలో ఒకరు అడిగితే ఎక్కువమంది ‘కుదుపు’ అన్నారు, కొందరు ‘గాలిగుంత’ అన్నారు. ‘కుదుపు’ మంచి మాట, పేపర్లు కూడా అదే రాస్తున్నాయి, ఉండనిద్దాం. కానీ కుదుపు అనేది విమానానికి, లోపల కూర్చున్న మనకి తగిలేది. బయట గాలికి ఏమైందో అది చెప్పదు. ఆ గాలి స్థితిని ‘కల్లోలం’ అనాలని నా వాదన.

ఈ ప్రశ్న నాకు ఊరికే పట్టలేదు. మా అక్క చలికాలంలో కొడుకు దగ్గరికి అమెరికాలోని డెన్వర్‌ వెళ్లింది, ఒక్కతే. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో లండన్‌లోనో విమానం మారితే, ఆ రెండో ప్రయాణమే దాదాపు 10 గంటలు పడుతుంది. దిగే ముందు పైలట్ ఇంగ్లీషులో ఏదో చెప్పాడట, చుట్టూ అందరూ బెల్టులు బిగించుకున్నారట, ఆ తర్వాత ‘ఎత్తి కుదేసిందిరా’ అంది ఫోన్లో. ఏం జరుగుతోందో ఎవరైనా రెండు తెలుగు ముక్కల్లో చెప్పి ఉంటే అంత టెన్షన్ పడేది కాదు.

డెన్వర్ సముద్రమట్టానికి ఒక మైలు ఎత్తున, అంటే దాదాపు 1,600 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. ఊరు మైదానంలోనే ఉంది గానీ పడమటి వైపు రాకీ పర్వతాలు ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి, 4,000 మీటర్లు దాటిన శిఖరాలు బోలెడు. చలికాలంలో పైగాలులు పడమటి నుంచి తూర్పుకి మిగతా కాలాల కంటే బలంగా వీస్తాయి, ఆ గాలి కొండలకి అడ్డంగా తగిలి, పైకెక్కి, అవతల దిగి, అంతటితో ఊరుకోకుండా మళ్లీ లేచి మళ్లీ దిగుతూ పోతుంది. ఏట్లో బండరాయి మీదుగా నీళ్లు పారేటప్పుడు రాయి దిగువన అలలు లేచి అక్కడే నిలబడి ఉంటాయి చూడండి, ఇదీ అంతే: నీళ్లు వెళ్లిపోతుంటాయి, అల మాత్రం కదలదు. ‘మౌంటెన్ వేవ్’ అని పైలట్లు అనేది దీన్నే. ఈ అలలు విమానాలు ఎగిరే ఎత్తుకి కూడా చేరతాయి. ఒక్కోసారి కటకం (లెన్స్) ఆకారంలో మేఘం కదలకుండా నిలబడి అల ఎక్కడుందో పట్టిస్తుంది, గాలి పొడిగా ఉంటే ఆ గుర్తూ ఉండదు. విమానంలోని వాతావరణ రాడార్ చినుకుల్ని పసిగడుతుంది గానీ తేటగాలిని చూడలేదు, అందుకే అదే దారిలో ముందు వెళ్లిన పైలట్లు పంపే కబురుకి అంత విలువ.

ఇక మాట దగ్గరికి వస్తే, సంస్కృతంలో ‘కల్లోలం’ అంటే పెద్ద అల. నదికి ‘కల్లోలిని’ అనే పేరు వచ్చింది అందుకే. మనం దాన్ని గొడవలకీ, ‘కల్లోలిత ప్రాంతాల’కీ వాడి వాడి లోపలున్న అలని మర్చిపోయాం. రాకీల మీద గాలి చేసేది అక్షరాలా అదే కాబట్టి ఈ మాట కొత్తగా పుట్టించక్కర్లేదు, పాత అర్థాన్ని మళ్లీ పైకి తెస్తే చాలు. పైగా కొత్త అర్థం కూడా పనికొస్తుంది, చెదిరిపోయిన గాలిని ‘కల్లోలంగా ఉంది’ అంటే పల్లెటూరి పెద్దావిడకి కూడా తెలుస్తుంది. ఈ చర్చలోనే ఇంకొకరు సూచించిన ‘సంక్షోభం’ ప్రభుత్వాలకీ బ్యాంకులకీ అలవాటైపోయింది, విమానంలో ఆ మాట వింటే జనం బెదిరిపోతారు.

‘గాలిగుంత’ మాత్రం వద్దండి. ‘ఎయిర్ పాకెట్’ని మక్కికి మక్కి దించిన మాట అది, పైగా అక్కడ గాలి లేదన్న తప్పుడు భయం పుట్టిస్తుంది. గాలి నిండుగానే ఉంటుంది, కిందికి దిగుతూ ఉంటుంది, దానితో పాటు విమానమూ దిగుతుంది, అంతే.

నా మటుకు నేను ప్రకటన ఇలా రాస్తాను: ‘ముందు గాలి కల్లోలంగా ఉంది, కుదుపులు రావచ్చు, బెల్టులు పెట్టుకుని కూర్చోండి.’ గాలికి కల్లోలం, విమానానికి కుదుపు, దేని మాట దానికి.

అలల కింద, కొండ పక్కనే గాలి గుండ్రంగా తిరిగే చోటు ఒకటుంటుంది, పైలట్లు ‘రోటర్’ అంటారు, చిన్న విమానాలకి అన్నిటికంటే ప్రమాదం అక్కడే. దానికి ‘సుడి’ సరిపోతుందనుకుంటున్నాను. ‘సుడిగాలి’ అంటే దుమ్ము లేపుతూ నిలువుగా తిరిగేదే మనసులోకి వస్తుంది, ఇది అడ్డంగా దొర్లుతుంది, కాబట్టి ‘అడ్డసుడి’ అందామా? ఏటి మీద, సముద్రం మీద పనిచేసేవాళ్ల దగ్గర ఇంతకంటే మంచి మాట ఉంటే చెప్పండి.