పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి: ముందు బాగుచేయాలా, ముందు ఎత్తు పెంచాలా?

మట్టిబాట

26 ఏళ్ల ఆఫ్‌రోడ్ బండి ఒకటి నా షెడ్డులో ఉంది. ఛాసీ, అంటే అడుగున ఉండే ఉక్కు చట్రం మీద బాడీ కూర్చునే పాత పద్ధతి నిర్మాణం. ముందూ వెనుకా నిండు ఇరుసులు (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి దూలం), నాలుగు కాయిల్ స్ప్రింగులు, డీజిల్ ఇంజిన్. తాళం తిప్పగానే అందుకుంటుంది, పొగ లేదు. ఇప్పుడున్న టైర్లు 265/70 ఆర్16. 50 మి.మీ. ఎత్తు పెంచే స్ప్రింగులు, వాటికి తగిన షాక్ అబ్జార్బర్లు, 285/75 ఆర్16 టైర్లు కొని పెట్టుకున్నాను. పనంతా ఇంట్లోనే, నా చేతులతోనే చేసుకోవాలని ఉంది.

చిక్కు ఎక్కడంటే, నాకు ఈ పిచ్చి అంటించిన మిత్రుడే ఇప్పుడు అడ్డం పడుతున్నాడు. బండి కొత్తలో ఎలా ఉండేదో ముందు అలా చెయ్యి, ఎత్తు సంగతి ఆ తరువాత అంటాడు. పాత స్ప్రింగులు ఎలాగూ కుంగాయి, షాక్‌లు ఎలాగూ కారుతున్నాయి. వాటి స్థానంలో మళ్లీ అలాంటివే బిగించి, ఆరు నెలలకు విప్పి పారేయడంలో తెలివి ఏముంది? మీరేమంటారు?

పాత స్పానర్

మీ మిత్రుడు చెప్పిందే సరైనది. కారణం మాత్రం ఆయన మీకు చెప్పినట్టు లేదు.

రెండుసార్లు శ్రమ అన్నది చిన్న విషయం. ఎత్తు పెంచి, టైర్లు మార్చి రోడ్డెక్కారనుకోండి. 70 కి.మీ. వేగంలో చిన్న గుంత తగలగానే స్టీరింగ్ చేతుల్లో గజగజ వణికింది. అప్పుడు ఎవరిని పట్టుకుంటారు? టైరు బ్యాలెన్సునా, ఇరుసు పక్కకు జరగకుండా ఛాసీకి పట్టే పాన్‌హార్డ్ రాడ్ చివర అరిగిన రబ్బరు బుష్షునా, స్టీరింగుతో చక్రం తిరిగే కీలులోని కింగ్‌పిన్ బేరింగునా, ముందు చక్రాలను కలిపే టై రాడ్ చివరనా? అందరూ అనుమానితులే. పాత ఎత్తులో వణుకు లేకుండా నడిచిన బండి అయితే, తరువాత వచ్చిన వణుకు కొత్త సామానుతో వచ్చిందేనని తేలిపోతుంది.

ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజు తగిలితే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపండి. లూజు పోయిందా, అది చక్రం బేరింగు. పోలేదా, కింగ్‌పిన్ బేరింగు. ఎడమా కుడీ పట్టి ఊపితే టై రాడ్ చివరల సంగతి తెలుస్తుంది. పది నిమిషాల పని. ఈ పది నిమిషాలు పెట్టకుండానే టైర్లు కొన్నారని నా అనుమానం.

గుంతలదారి

నేను ఒప్పుకోను. "ముందు అసలు స్థితికి తేవాలి" అనేవాళ్ల బండ్లు చాలా చూశాను. ఏళ్ల తరబడి ఇటుకల మీద కూర్చుని ఉంటాయి. ఈ వయసు బండిలో ఒకటి విప్పితే మూడు బయటపడతాయి, ఆ మూడింటిలో ఒకటి దొరకదు, దొరికేలోపు ఉత్సాహం పోతుంది. చివరికి ఇంకెవరో లాక్కుపోతారు.

బ్రేకులు, బేరింగులు, ఆయిల్ సీళ్లు, రబ్బరు గొట్టాలు ముందు చూడాలి, కాదనను. స్ప్రింగు, షాక్, బుష్ మాత్రం ఒకే విడతలో, కావలసిన ఎత్తులోనే పడాలి. బుష్‌లను ప్రెస్ పెట్టి నెట్టడం ఎంత నరకమో స్పానర్ గారికి తెలియనిదా? తుప్పు పట్టిన ఆర్ము (ఇరుసును ఛాసీకి కలిపే కడ్డీ) బోల్టును ఒకసారి తీయడానికే ప్రాణం పోతుంది. అదే బోల్టును ఏడాదిలో రెండుసార్లు తీయమంటున్నారు.

పాత స్పానర్

ఇటుకల మీద పెట్టిన బండి కిందకు దూరేవాడికి ఏ సలహా ఇచ్చీ లాభం లేదు. ఇటుక పగిలేటప్పుడు ముందుగా చెప్పదు. హైడ్రాలిక్ జాకీ లేపడానికి మాత్రమే, నిలపడానికి ఉక్కు స్టాండ్లు ఉండాలి. పొడవాటి పళ్ల జాకీ బురదలో దిగబడ్డప్పుడు వాడుకోవడానికి, దాని మీద బండి ఉండగా చెయ్యి కూడా కింద పెట్టకూడదు. వాదన సంగతి తరువాత, ఇది మాత్రం చదివేవాళ్లంతా గుర్తుంచుకోండి.

ఇరుసులెక్క

ఇద్దరి గొడవ మధ్య ఒక లెక్క వేస్తాను. 265/70 ఆర్16 టైరు వ్యాసం సుమారు 777 మి.మీ. 285/75 ఆర్16ది 834. తేడా 57, అందులో సగం, అంటే 28 మి.మీ. మేరకు ఇరుసు నేలకు దూరమవుతుంది. 50 మి.మీ. ఎత్తు పెంచే స్ప్రింగులు మాత్రం ఇరుసును ఒక్క మిల్లీమీటరు కూడా లేపవు. బాడీ, ఛాసీ మాత్రమే లేస్తాయి. రాయికి మొదట తగిలేది ఇరుసు మధ్యన గేర్లుండే డిఫరెన్షియల్ గుండు, అది నిండు ఇరుసులో చక్రాల ఎత్తుకే కట్టుబడి ఉంటుంది. మట్టిబాట గారు ఇది తెలిసే కొన్నారా?

టైరు 7 శాతం పెద్దదైతే స్పీడోమీటరు 80 చూపేటప్పుడు బండి దాదాపు 86లో పోతుంటుంది. డిఫరెన్షియల్ గేరు నిష్పత్తి 4.1 అయితే అది 3.82లా పనిచేస్తుంది, అంటే లాగే బలం తగ్గుతుంది. టర్బో లేని పాత డీజిల్‌కు ఎక్కుడు దారిలో ఈ తేడా బాగా తెలుస్తుంది.

అసలు మెలిక ముందు ఇరుసులో ఉంది. ఎత్తు పెరిగితే దాన్ని పట్టుకునే ఆర్ములు కిందికి వాలి ఇరుసు కాస్త తిరుగుతుంది, కాస్టర్ కోణం, అంటే ముందు చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలి ఉండే కోణం తగ్గుతుంది. సైకిల్ చేతులు వదిలినా తిన్నగా పోవడానికి ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉండటం కూడా తోడ్పడుతుంది. ఆ వాలు పోతే బండి రోడ్డు మీద అటూ ఇటూ వెతుక్కుంటూ నడుస్తుంది. పాన్‌హార్డ్ రాడ్ వాలు కూడా మారి ఇరుసు మొత్తం కాస్త పక్కకు జరుగుతుంది. కాబట్టి స్ప్రింగులతో పని అయిపోదు. కాస్టర్ సరిచేసే బుష్‌లు, పొడవు సర్దగలిగే పాన్‌హార్డ్ రాడ్, పొడవాటి బ్రేకు గొట్టాలు కావాలి.

ఇంకొకటి. మీ బండిలో వెనుక ఇరుసు నుంచి ఛాసీ మీద ఉన్న చిన్న వాల్వుకు సన్నని కడ్డీ పోతూ ఉంటే, అది బరువును బట్టి వెనుక బ్రేకులకు ఒత్తిడి పంచే వాల్వు. ఛాసీ లేస్తే బండి ఖాళీగా ఉందని భ్రమపడి వెనుక బ్రేకులను తగ్గించేస్తుంది. పెద్ద టైర్లు, తగ్గిన వెనుక బ్రేకులు, రెండూ కలిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఆ కడ్డీ బ్రాకెట్టును కూడా అంతమేర సర్దాలి.

మట్టిబాట

నిజం చెప్పాలంటే, డిఫరెన్షియల్ కూడా లేస్తుందనే అనుకున్నాను. ఆ సన్నని కడ్డీని ఇంతవరకు యాంటీరోల్ బార్ (మలుపుల్లో బండి మరీ వాలకుండా ఆపే కడ్డీ) లింకు అనుకుంటున్నాను! కానీ ఇరుసులెక్క గారు చెప్పినవన్నీ నా వాదనకే బలం కదా? కాస్టర్ బుష్‌లు ఎలాగూ వేయాలి, బ్రేకు గొట్టాలు ఎలాగూ మార్చాలి. పాత కొలతవి కొనడం వృథాయే.

స్పానర్ గారికి: చక్రం ఊపలేదు. అనుమానం నిజమే.

నిమ్మళం

నేను ఇలాంటి బండి నడుపుతాను గానీ విప్పను. బ్రేకులు, స్టీరింగ్ అసలు ఇంట్లో ముట్టుకోవచ్చా? స్ప్రింగు ఎగిరితే మనిషి పోతాడని విన్నాను. ఇవి మెకానిక్ చేయాల్సిన పనులు కావా?

పాత స్పానర్

షాక్‌నే పొదివి పట్టుకున్న స్ట్రట్ స్ప్రింగు, మెలిపడి స్ప్రింగులా పనిచేసే టార్షన్ బార్ నిజంగానే ప్రమాదకరం, వాటిలో బలం బంధించి ఉంటుంది. నిండు ఇరుసు బండిలో ఛాసీని స్టాండ్ల మీద నిలిపి, ఇరుసును జాకీతో మోస్తూ, షాక్ విప్పి మెల్లగా దించితే చాలా బండ్లలో స్ప్రింగు వదులై చేతికి వచ్చేస్తుంది. దించేటప్పుడు బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా చూసుకోవాలి, అంతే.

మెకానిక్ దగ్గరికి వెళ్తే అన్నీ సరిగా జరుగుతాయన్న ధీమా నాకు పోయింది. నా బండికి ఆర్ము బుష్‌లు ఒక షెడ్డులో వేయించాను. బండి గాలిలో వేలాడుతుండగానే బోల్టులు పూర్తిగా బిగించేశారు. రబ్బరు బుష్ లోపలి గొట్టం ఆ స్థితిలోనే బిగుసుకుపోతుంది. బండి నేల మీదకు దిగగానే రబ్బరు మెలిపడి, నిత్యం ఆ మెలికలోనే ఉంటుంది. ఏడాది తిరక్కుండా చిరిగిపోయాయి. బోల్టులు వదులుగా పెట్టి, చక్రాల మీద బరువు పడ్డాకే బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో చివరి బిగింపు ఇవ్వాలి. ఇంట్లో చేసుకునేవాడికి ఈ ఓపిక ఉంటుంది, గంటకో బండి చూసేవాడికి ఉండకపోవచ్చు. వెల్డింగు మాత్రం చేయి తిరిగినవాడికే వదలండి.

గుంతలదారి

చూశారా, ఆయన నోటితోనే వచ్చింది! అంత ఓపికతో బిగించిన బుష్‌లను మళ్లీ విప్పమంటారా? పైగా ఎత్తు మారిందంటే ఆ రబ్బరు మళ్లీ మెలికలోకే పోతుంది. బుష్ బిగించాల్సింది చివరికి బండి నిలిచే ఎత్తులోనే.

పాత స్పానర్

ఈ ఒక్క మాటకు నా దగ్గర జవాబు లేదు. సరే, బుష్‌ల వరకు ఒప్పుకుంటున్నాను. బేరింగులు, సీళ్లు, స్టీరింగ్ లూజు, ఛాసీ తుప్పు తేలేదాకా స్ప్రింగుల పెట్టె తెరవకూడదన్న మాట మీద మాత్రం కదలను.

వాగుదాటినవాడు

మీరంతా మరమ్మతు ఒక వైపు, మార్పులు ఒక వైపు అని గీత గీశారు. నీళ్లలో దిగే బండికి ఆ గీత చెరిగిపోతుంది. దూరం నడిచిన బండి ఇరుసు వేడిగా ఉంటుంది. చల్లటి వాగులో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఇరుసు మీద గాలి వచ్చిపోయే చిన్న రంధ్రం, అంటే బ్రీదర్, మూసుకుపోయి ఉంటే సీళ్ల అంచుల గుండా నీటిని పీల్చుకుంటుంది. తరువాత ఆయిల్ విప్పి చూస్తే పాలలా తెల్లబారి ఉంటుంది. బ్రీదర్‌కు గొట్టం తొడిగి ఇంజిన్ గది పై భాగం దాకా తీసుకువెళ్లడం అరగంట పని. ఇది మరమ్మతా, మార్పా? నా మట్టుకు నేను స్ప్రింగుల కంటే ముందు ఇదే చేస్తాను.

ఆయిల్ మార్చేటప్పుడు ఒక సంగతి. డ్రైన్ నట్టు కంటే ముందు పై నట్టు, అంటే నింపే నట్టు విప్పండి. పాతదంతా కార్చేశాక నింపే నట్టు రాకపోతే బండి కదలదు. ఈ పాఠం నాకు ఒక ఆదివారం సాయంత్రం అబ్బింది, వివరాలు అడగకండి. గేర్‌బాక్సుకు జీఎల్-4 రకం గేర్ ఆయిల్ అని ఉంటే జీఎల్-5 మేలు రకమనుకుని పోయకండి. అందులోని గంధకం, భాస్వరం కలిసిన మందులు కొన్ని పాత గేర్‌బాక్సుల ఇత్తడి సింక్రో రింగులను (గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపేవి) తినేస్తాయి.

మట్టిబాట

రెండు ఆదివారాల తరువాత వచ్చాను. ముందు నింపే నట్టే విప్పాను, వాగుదాటినవాడు గారికి దండం, నాలుగడుగుల పైపు తగిలిస్తే గానీ రాలేదు. ముందు డిఫరెన్షియల్‌లో ఆయిల్ ఉండాల్సినదానికంటే చాలా కిందికి ఉంది. డ్రైన్ నట్టు అయస్కాంతానికి మెత్తటి నల్లటి ముద్ద అంటుకుంది, ముక్కలు లేవు. మరి తగ్గిన ఆయిల్ ఎక్కడికి పోయిందని కుడి చక్రం విప్పి, ఇరుసు చివర స్టీరింగ్ తిరిగే బంతి గిన్నె తెరిచాను. గట్టి గ్రీజు ఉండాల్సిన చోట బూడిదరంగు పులుసు. లోపలి సీల్ పోయి డిఫరెన్షియల్ ఆయిల్ అంతా గ్రీజులో కలిసింది. టైరు లోపలి వైపు నల్లటి మరకను ఇన్నాళ్లూ బురద అనుకున్నాను. ఎడమ వైపు కూడా ఇదే కథ. బ్రేకు తొక్కి ఊపినా లూజు పోలేదు, అంటే కింగ్‌పిన్ బేరింగులు కూడా.

బ్రేకు గొట్టం సంగతి మరో వింత. ఎడమ చక్రం ఎప్పుడూ వేడెక్కేది, బ్రేకు ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ పట్టేసిందనుకున్నాను. గొట్టం బయటికి బాగానే ఉంది, లోపల ఉబ్బి, పెడల్ వదిలాక ఆయిల్‌ను వెనక్కి రానివ్వడం లేదు. కాబట్టి పొడవాటి గొట్టాలు ఇప్పుడే వేస్తున్నాను, గుంతలదారి గారి పద్ధతిలో. మిగతాదంతా స్పానర్ గారి పద్ధతిలో. మిత్రుడికి ఇంకా చెప్పలేదు.

ఒక సందేహం. వెనుక ఆర్ము ఛాసీకి తగిలే చోట నల్లటి తారు లాంటి పూత దట్టంగా ఉంది, అక్కడక్కడ బుడగలా లేచింది. పూత అంతా గీకేయాలా?

పాత స్పానర్

గీకడం తరువాత. చిన్న సుత్తి తీసుకుని ఛాసీ పొడవునా తట్టుకుంటూ రండి. మంచి ఉక్కు ఖంగుమంటుంది. ఎక్కడ మొద్దు శబ్దం వస్తుందో చెప్పండి.

మట్టిబాట

మూడు ఆర్ముల దగ్గర ఖంగుమంది. నాలుగో దాని దగ్గర సుత్తి లోపలికి దిగింది.

గుంతలదారి

స్ప్రింగుల పెట్టె మీద తార్పాలిన్ కప్పండి. ఎన్నాళ్లు పడుతుందో తెలియదు. వెల్డింగు అతను రాకముందే బ్యాటరీ తీగలు రెండూ తీసేసి, ఆ పక్కగా పోయే డీజిల్ పైపు, వెనుక బ్రేకు పైపు ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి చెప్పండి.