హైదరాబాద్‌లో ఉంటూ సొంత స్కూబా ట్యాంక్ కొనాలా? కొంటే అల్యూమినియమా, స్టీలా?

కొత్త డైవర్, కొండాపూర్:
ఓపెన్ వాటర్ కోర్సు (స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టు) అయిపోయింది. కర్ణాటకలోని నేత్రాణి దీవికీ అండమాన్‌కీ వెళ్లినప్పుడు సామానంతా అద్దెకే తీసుకున్నా. ఇప్పుడు నీళ్లలో పీల్చే గాలి నింపుకునే ట్యాంక్ సొంతది కొందామని ఉంది. ఒకాయన పాత అల్యూమినియం ట్యాంక్ చౌకగా ఇస్తానంటున్నారు, ఇంకొకరేమో కొంటే స్టీలే కొనమంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

వర్క్‌షాప్ మనిషి, బాలానగర్:
నేనైతే కొనను తమ్ముడూ. అందరూ వాడే 11.1 లీటర్ల అల్యూమినియం ట్యాంక్ ఖాళీదే 14 కిలోల పైన ఉంటుంది, దేశీయ విమానాల్లో మామూలు టికెట్‌కి ఇచ్చే లగేజీయే 15 కిలోలు. గాలి నింపింది ఎక్కించనే ఎక్కించరు, ఖాళీ చేసి వాల్వ్ విప్పి చూపించినా కౌంటర్‌లో ఉన్నవాళ్లు ఒప్పుకుంటారో లేదో టెన్షనే. తీరా అక్కడికి వెళ్తే డైవ్ ఫీజులోనే ట్యాంకూ, మునగడానికి నడుముకి కట్టుకునే సీసం బరువులూ ఇస్తారు. ఆ డబ్బు మంచి రెగ్యులేటర్ మీద పెట్టండి, నోట్లో పెట్టుకునేది అదే కదా.

పూల్ బ్యాచ్, సైనిక్‌పురి:
అన్నా, అందరూ విమానంలో వెళ్లేవాళ్లే అనుకుంటే ఎలా? మేం వారం వారం పూల్‌లో ప్రాక్టీస్ చేస్తాం, విశాఖకి కార్లో వెళ్తాం. మాలాంటి వాళ్లకి సొంతది ఉండాల్సిందే, అదీ స్టీల్‌ది. అల్యూమినియం ట్యాంక్ నిండుగా ఉన్నప్పుడు నీళ్లలో కొంచెం మునుగుతుంది, గాలి అయిపోయేసరికి తేలుతుంది. లోపలి గాలి బరువే రెండున్నర కిలోల పైన ఉంటుంది మరి. డైవ్ చివర్లో, పైకి వచ్చేముందు భద్రత కోసం అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాల్సిన చోట, అది వీపు మీద పైకి లాగుతుంటే ఆ చిరాకు పడ్డవాళ్లకే తెలుస్తుంది. స్టీల్‌తో ఆ బాధ తక్కువ, సీసం కూడా దాదాపు రెండు కిలోలు తగ్గించుకోవచ్చు.

వర్క్‌షాప్ మనిషి, బాలానగర్:
నీళ్లలో స్టీలే సుఖం, కాదనను. నా గొడవంతా అది బయట ఉండే రోజుల గురించి. ఫ్లాట్ బాల్కనీలో నెలల తరబడి పడి ఉండే ట్యాంక్ అది. అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. స్టీల్‌లో కాస్త తడి చేరితే తుప్పు ఆగదు, పైగా ఆ తుప్పు లోపలి ఆక్సిజన్‌ని తినేస్తుంది, ప్రెషర్ చూపించే గేజ్ మాత్రం దాదాపు నిండుగానే చూపిస్తుంది. నెలల క్రితం నింపిన గాలిని అలాగే పీల్చొద్దనేది అందుకే. పూర్తిగా ఖాళీ కూడా చేయొద్దు, 20, 30 బార్ (ప్రెషర్‌ని కొలిచేది బార్‌లలోనే) ఉంచితే బయటి తేమ లోపలికి రాదు. అడుగున తొడిగే రబ్బరు బూట్ ఉందే, డైవ్ అయ్యాక దాన్ని తీసి మంచినీళ్లతో కడగాలి. చాలామంది పైపైన నీళ్లు కొట్టి వదిలేస్తారు, ఉప్పునీళ్లు ఆ బూట్ కిందే నిలిచి తినేస్తాయి. ఎండాకాలం నిండు ట్యాంక్‌ని కారులో వదలకండి. 25 డిగ్రీల దగ్గర 200 బార్ ఉన్నది 65 డిగ్రీలకి దాదాపు 227 అవుతుంది, ఆ అల్యూమినియం ట్యాంక్‌కి రాసిన పరిమితి 207.

కొత్త డైవర్, కొండాపూర్:
మరి గాలి ఎక్కడ నింపించాలి? మెడికల్ ఆక్సిజన్ సిలిండర్లు నింపేవాళ్లు మా ఇంటి దగ్గరే ఉన్నారు.

పూల్ బ్యాచ్, సైనిక్‌పురి:
వద్దు తమ్ముడూ, ఆ పని మాత్రం చేయకు! ట్యాంక్‌లో ఉండాల్సింది మనం పీల్చే మామూలు గాలే, కాకపోతే వడకట్టి ఆరబెట్టింది. స్వచ్ఛమైన ఆక్సిజన్ ఆరు మీటర్లు దాటితే నీళ్లలోనే ఫిట్స్ తెప్పించగలదు. పైగా గాలి కోసం వాడిన వాల్వ్‌లో గ్రీజు, నూనె ఉంటే నింపేటప్పుడే అంటుకునే ప్రమాదం ఉంది. మామూలు ఫ్యాక్టరీ కంప్రెసర్ కూడా పనికిరాదు. నూనె ఆవిరో కార్బన్ మోనాక్సైడో కలిస్తే ఉపరితలంలో తెలియకపోయినా లోతులో ప్రాణం తీస్తుంది. డైవింగ్ కోసమే పెట్టిన కంప్రెసర్ దగ్గరే నింపించు, ఫిల్టర్ ఎప్పుడు మార్చారో మొహమాటపడకుండా అడుగు.

వర్క్‌షాప్ మనిషి, బాలానగర్:
ఈ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. ఇక ఆ పాత ట్యాంక్ సంగతి. ధర చూడకముందు దాని భుజం మీద కొట్టిన ముద్రలు చూడండి: ఏ మిశ్రమం, ఎంత ప్రెషర్, ఏ నెలలో ఏ సంవత్సరంలో టెస్ట్ అయింది. 6351 అనే అల్యూమినియం మిశ్రమంతో చేసిన పాత ట్యాంకుల మెడ దగ్గర లోపల పగుళ్లు వచ్చిన కేసులున్నాయి, ఇప్పుడు 6061తో చేస్తున్నారు. 1980ల నాటిదైతే బేరం కూడా ఆడొద్దు. కొత్తదైనా సరే, ఏడాదికోసారి వాల్వ్ విప్పించి లోపల లైటు వేసి చూపించాలి, అయిదేళ్లకోసారి హైడ్రో టెస్ట్ చేయించాలి. అందులో నీళ్లు నింపి పని ప్రెషర్‌ని మించి పెంచి, గోడ ఎంత సాగిందో, మళ్లీ ఎంత వెనక్కి వచ్చిందో కొలుస్తారు. మన దేశంలో గ్యాస్ సిలిండర్ల నిబంధనలు చూసేది నాగపూర్‌లోని పెసో, కాబట్టి టెస్ట్ చేసేవాళ్లకి వాళ్ల అనుమతి ఉందో లేదో కనుక్కోండి. ఏడాదికి ఒకట్రెండు ట్రిప్పుల కోసం ఇదంతా ఎందుకనేదే నా వాదన.

పూల్ బ్యాచ్, సైనిక్‌పురి:
ఏడాదికి రెండు ట్రిప్పులే అయితే సరే, కొనొద్దు. వారం వారం నీళ్లలో దిగేవాడికి మాత్రం స్టీలే అంటాను, వాడకంలో ఉన్న ట్యాంక్‌ని కంటికి రెప్పలా చూసుకుంటాం కాబట్టి తుప్పు దాకా రానివ్వం. తమ్ముడూ, ఆ పాతదాని భుజం ఫొటో ఒకటి పెట్టు, ముద్రలు చదివి చెప్తాం. అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వకు.