పురంజనోపాఖ్యానం: కథ చెప్పి ఊరుకోవాలా, తత్త్వం విడమరచి చెప్పాలా?

ప్రశ్న: భాగవత పాఠకుడు, హనుమకొండ

పెద్దలకు నమస్కారం. మా కాలనీ రామాలయంలో ఆదివారం సాయంత్రాలు పోతన భాగవతం చదువుకుంటున్నాం. పద్యం చదివి తాత్పర్యం చెప్పే పని నాకు అప్పగించారు. ధ్రువోపాఖ్యానం, పృథు చక్రవర్తి చరిత్ర పూర్తిచేసి చతుర్థ స్కంధంలోని పురంజనోపాఖ్యానానికి వచ్చేసరికి, దీన్ని ఎలా చెప్పాలన్న విషయంలో మాలో అభిప్రాయభేదం వచ్చింది.

కథ మీలో చాలామందికి తెలిసిందే అయినా, చర్చకు కావలసినంత మేరకు చెబుతాను. యజ్ఞం మీద యజ్ఞం చేస్తూ భూమినంతా దర్భలతో కప్పేసిన ప్రాచీనబర్హి మహారాజు దగ్గరికి నారదుడు వచ్చి, ఈ కర్మల వల్ల నీకు ఏ శ్రేయస్సు కలుగుతుందనుకుంటున్నావని అడుగుతాడు. ఆ తరువాత పురంజనుడనే రాజు కథ ఎత్తుకుంటాడు. పురంజనుడు తన స్నేహితుడైన అవిజ్ఞాతుణ్ణి మరచి, తిరిగి తిరిగి, తొమ్మిది ద్వారాలున్న ఒక పట్టణం చేరుకుంటాడు. అయిదు తలల పాము కాపలా కాస్తున్న ఆ పట్టణంలో ఒక సుందరిని చేపట్టి, ఆమె నవ్వితే నవ్వుతూ, ఆమె ఏడిస్తే ఏడుస్తూ కాలం గడుపుతాడు. చండవేగుడనే గంధర్వరాజు 360 మంది గంధర్వులతో, అంతమంది గంధర్వస్త్రీలతో వచ్చి పట్టణాన్ని కొల్లగొడతాడు. కాలకన్య పైబడుతుంది, పురం తగలబడుతుంది, భార్యనే తలచుకుంటూ ప్రాణం విడిచిన పురంజనుడు మరుజన్మలో విదర్భ రాజు కూతురై పుడతాడు. ఆ పట్టణం శరీరమనీ, ఆ సుందరి బుద్ధి అనీ, ఆ గంధర్వులూ గంధర్వస్త్రీలూ పగళ్ళూ రాత్రులూ అనీ కథ నడుస్తున్నంతసేపూ నారదుడు చెప్పడు.

మా శ్రోతల్లో పదవీ విరమణ చేసిన అధ్యాపకులొకరు, అర్థం ముందే చెప్పి కథ తరువాత చదవమంటున్నారు. ఈ వయసులో తమకు కావలసింది తత్త్వమే గాని పొడుపుకథలు కాదని వారి వాదన. దాన్ని తోసిపుచ్చలేకపోతున్నాను, ఎందుకంటే పోయిన వారం పాఠం అయ్యాక ఒక కుర్రవాడు నా దగ్గరికి వచ్చి, ఆ పట్టణం ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉందని అడిగాడు. అయితే ఆ సాయంత్రమే మరొకటి కూడా చూశాను. తూర్పున అయిదు ద్వారాలు, దక్షిణాన ఒకటి, ఉత్తరాన ఒకటి, పడమట రెండు అని చదువుతుండగా, ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ చూపుడువేలితో తన కళ్ళు, ముక్కు, నోరు, ఆ తరువాత కుడిచెవి, ఎడమచెవి వరుసగా తాకి చూసుకున్నారు. అప్పటికి నేను అర్థం చెప్పనే లేదు. నేను ముందే చెప్పి ఉంటే ఆమె వేలు కదిలేదా అన్నది నా సందేహం. ఆధ్యాత్మిక సత్యాన్ని బోధించేటప్పుడు సూటిగా చెప్పడం మేలా, కథలో పెట్టి చెప్పడం మేలా? గ్రంథాధారంతో చెప్పగలిగినవారు చెప్పవలసిందిగా మనవి.

సమాధానం: వేదాంత విద్యార్థి, రాజమహేంద్రవరం

అయ్యా, మీ అధ్యాపకుల పక్షాన మాట్లాడతాను. గౌతముడి న్యాయసూత్రాలు దృష్టాంతానికి ఒక లక్షణం చెప్పాయి: సామాన్యుడికీ, పరీక్షించి తేల్చుకునే వాడికీ ఏ విషయంలో బుద్ధి సమానంగా ఉంటుందో అదే దృష్టాంతం. వక్తా శ్రోతా ఇద్దరూ ఒప్పుకునే చోట నిలబడి, అక్కడి నుంచి ఇంకా ఒప్పుకోని చోటికి నడవడానికే అది పనికివస్తుంది. నడక మొదలుకాకపోతే దాని ప్రయోజనం లేదు.

మన పెళ్ళిళ్ళలో పురోహితుడు అరుంధతిని చూపించే పద్ధతినే శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో ఉదాహరించారు. అరుంధతి సన్నటి చుక్క, ఒక్కసారిగా చూపిస్తే కన్ను ఆనదు. అందుకని దగ్గరలో ఉన్న పెద్ద నక్షత్రాన్ని చూపి ముందు అదే అరుంధతి అంటారు, చూపు అక్కడ నిలిచాక అది కాదని తీసేసి అసలు అరుంధతిని చూపిస్తారు. ఇక్కడ ముఖ్యమైనది రెండో మాట. పెద్ద చుక్కను చూపించిన వాడు అది కాదు అనకుండా ఇంటికి వెళ్ళిపోతే, దంపతులు జన్మంతా వేరే చుక్కకు నమస్కరిస్తారు. మీ కుర్రవాడు పట్టణం ఏ రాష్ట్రంలో ఉందని అడగడం సరిగ్గా ఇదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. కథ ఎంత పెద్దదైతే శ్రోత అంతగా ప్రతి అంశానికీ అర్థం వెతుకుతాడు. నీటిలో సూర్యబింబాన్ని ఆత్మకు దృష్టాంతంగా చెప్పినప్పుడు, సూర్యుడికి రూపముంది, నీరు దూరంగా వేరే చోట ఉంది, ఆత్మకు అలా కుదరదు కదా అని పూర్వపక్షి, అంటే ఎదుటి వాదన చేసేవాడు, ఆక్షేపించాడు. చెప్పదలచిన అంశంలో పోలిక ఉంటే చాలు, అన్నింటా పోలిక ఉంటే అది దృష్టాంతమే కాదని శంకరులు సమాధానమిచ్చారు. ఏది చెప్పదలచిన అంశమో శ్రోతకు తెలియాలంటే ఎవరో ఒకరు సూటిగా చెప్పక తప్పదు. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు మర్రిపండు పగలగొట్టించినా, నీటిలో ఉప్పు వేయించినా, ప్రతిసారీ చివర తత్త్వమసి, అంటే అది నీవే, అని కొడుకు శ్వేతకేతువుతో స్పష్టంగా అన్నాడు. ఒక్కసారి కాదు, 9 సార్లు. కాబట్టి కథ చదవండి, అదే రోజు అర్థమూ చెప్పండి. వారం ఆగవద్దు.

సమాధానం: సండే స్కూలు ఉపాధ్యాయురాలు, గుంటూరు

నేను మా సంఘంలో పిల్లలకు, అప్పుడప్పుడు వారి తల్లులకు వాక్యం చెబుతాను. భాగవతం నేను చదవలేదు, అయినా మీ ప్రశ్న మాకూ ఉన్నదే కనుక రాస్తున్నాను.

పాత నిబంధనలో నాతాను ప్రవక్త దావీదు దగ్గరికి వచ్చిన సందర్భం చూడండి. దావీదు ఊరియా భార్యను తీసుకుని, ఊరియాను యుద్ధంలో చంపించాడు. ఆ సంగతి నాతాను మొదటే అని ఉంటే, సింహాసనం మీద ఉన్నవాడికి తనను తాను సమర్థించుకోవడానికి వంద కారణాలు దొరికేవి. నాతాను ఒక కథ చెప్పాడు: గొప్ప మందలున్న ధనవంతుడు అతిథి వచ్చినప్పుడు తన గొర్రెలను ముట్టకుండా, పేదవాడు బిడ్డలా పెంచుకున్న ఒక్క గొర్రెపిల్లను పట్టుకెళ్ళి వండించాడు. దావీదుకు కోపం వచ్చింది, అలాంటివాడు మరణపాత్రుడన్నాడు, నాలుగంతలు తిరిగి ఇవ్వాలన్నాడు. తీర్పు పూర్తిగా వెలువడిన తరువాత నాతాను అన్న మాట ఒక్కటే: ఆ మనుష్యుడవు నీవే. వేదాంత విద్యార్థి గారు సూటిగా చెప్పక తప్పదన్నారు, నేను కాదనను. అయితే ఆ సూటి మాటకు బలం ఎక్కడి నుంచి వచ్చింది? దావీదు తన నోటితో తానే తీర్పు చెప్పుకున్న తరువాత వచ్చింది గనుకనే అతడు తప్పించుకోలేకపోయాడు. ముందు అర్థం చెప్పి తరువాత గొర్రెపిల్ల కథ చెబితే అది పాఠమవుతుంది గాని, దావీదు చేత పాపము చేసితినని అనిపించదు.

అయితే మా గ్రంథంలో ఈ విషయమై కష్టమైన చోటు కూడా ఒకటుంది, దాన్ని దాచి మాట్లాడడం న్యాయం కాదు. మార్కు సువార్త నాలుగో అధ్యాయంలో యేసు విత్తువాని ఉపమానం జనసమూహానికి చెప్పి, వివరణ మాత్రం శిష్యులకు ఏకాంతంగా చెప్పాడు. వెలుపల ఉన్నవారు చూచియు కనుగొనకుండునట్లు అన్నీ ఉపమానరీతిగా చెప్పబడుతున్నాయని అక్కడ ఉంది. సత్యాన్ని కొందరికి దాచడానికేనా ఉపమానం అని మా తల్లులు అడుగుతారు, అడగవలసిన ప్రశ్నే అది. నాకు తోచే జవాబు అదే అధ్యాయంలో కొన్ని వచనాల తరువాత దొరుకుతుంది: దీపాన్ని తెచ్చేది కుంచం కింద పెట్టడానికి కాదు, దీపస్తంభం మీద పెట్టడానికి. ఏకాంతంగా అడిగినవారికి ఆయన వివరించాడు, అడగవద్దని ఎవరినీ వెళ్ళగొట్టలేదు. మీ కుర్రవాడు వచ్చి అడిగాడు కదండీ. ఆ పిల్లవాడు వెలుపల ఉన్నవాడు కాడు, లోపలికి వచ్చినవాడే.

సమాధానం: సంకీర్తన అభిమాని, కడప

పై ఇద్దరూ కథకు తరువాతో ముందో వివరణ ఉండాలన్న చోటనే తిరుగుతున్నారు. కథ అసలు అక్కరలేని సందర్భాలున్నాయని నా అభిప్రాయం. బ్రహ్మమొకటే అని చెప్పవలసి వచ్చినప్పుడు అన్నమయ్య ఏ పురంజనుణ్ణీ పిలవలేదు. నిండార రాజు నిద్రించు నిద్రయు నొకటే, అండనే బంటు నిద్ర అదియు నొకటే అన్నాడు. మెండైన బ్రాహ్మణుడు మెట్టు భూమి యొకటే, చండాలుడుండేటి సరి భూమి యొకటే అన్నాడు. ఇందులో విప్పవలసిన ముడి లేదు. రాజు నిద్ర, బంటు నిద్ర వినేవాడి కళ్ళ ముందు ఉన్నవే, వాటి మీదుగా చెప్పిన మాట వినగానే తెలుస్తుంది, కాదనడానికి చోటుండదు.

తోటి మనిషిని ఎలా చూడాలన్న సత్యాన్ని కథలో పెడితే శ్రోత కథను మెచ్చుకుని ఇంటికి పోతాడు. ఉత్సవాల్లో ఇదే కీర్తనకు తాళం వేసి, బయట మెట్టు మీద నిలుచున్నవాణ్ణి లోపలికి రమ్మనని వారిని కూడా నేను చూశాను. అంత సూటి మాటకే ఆ గతి పడితే, ఇక ఉపాఖ్యానం సంగతి చెప్పనక్కరలేదు. జీవుడు, బుద్ధి, జన్మాంతరం వంటివి కంటికి కనబడవు కనుక వాటికి కథ కావాలంటే ఒప్పుకుంటాను. ఆచరించవలసిన ధర్మాన్ని మాత్రం పేరు పెట్టి చెప్పాలి.

ప్రశ్న అడిగినవారు: భాగవత పాఠకుడు, హనుమకొండ

అందరికీ కృతజ్ఞతలు. రాజమహేంద్రవరం వారు ఉద్దాలకుడి మాట ఎత్తారు కనుక ఒకటి అడుగుతాను. తత్త్వమసి అని తండ్రి అన్నా, చివరిసారి దాకా శ్వేతకేతువు తృప్తిపడి ఊరుకోలేదు, స్వామీ నాకు ఇంకా తెలియజెప్పండి అన్నాడు. తండ్రి సరేనని ఇంకో దృష్టాంతం చెప్పాడు. 12వ ఏట గురుకులానికి వెళ్ళి 24 ఏళ్ళకు వేదాలన్నీ చదివి వచ్చిన ఆ కుమారుడికే సూటి మాట ఒక్కసారితో సరిపోకపోతే, అది మా రామాలయంలో సరిపోతుందా?

సమాధానం: వేదాంత విద్యార్థి, రాజమహేంద్రవరం

సరిపోదు, ఒప్పుకుంటున్నాను. గుంటూరు అమ్మగారు రాసింది చదివాక సంస్కృత మూలం మళ్ళీ తీసి చతుర్థ స్కంధం 25 నుంచి 29 అధ్యాయాల దాకా చూశాను. అక్కడి క్రమం నాతాను కథలో క్రమానికి కొంత భిన్నంగా ఉంది. నారదుడు యజ్ఞాల్లో చంపిన పశువులను ముందే రాజుకు చూపించాడు, నీ క్రూరత్వాన్ని తలచుకుంటూ ఇవి నీకోసం ఎదురుచూస్తున్నాయని ముఖం మీదే అన్నాడు. కడప వారు కోరినట్టు ఆచరణకు సంబంధించిన తప్పును పేరు పెట్టే చెప్పాడు. ఆ తరువాతే పురంజనుడు, అతడి అయిదు గుర్రాల రథం, వేట, చివరకు గొడ్డళ్ళతో అతణ్ణి నరికే యజ్ఞపశువులు వచ్చాయి. 28వ అధ్యాయం చివర, భగవంతుడు పరోక్షప్రియుడు, అంటే చాటుగా చెప్పడాన్ని ఇష్టపడేవాడు, గనుక దీన్ని పరోక్షంగా చూపించానని నారదుడు అన్నాడు. వెంటనే 29వ అధ్యాయం మొదట్లో రాజు, మీ మాట మాకు సరిగా తెలియడం లేదు, ఇది జ్ఞానులకే తెలుస్తుంది గాని కర్మమోహితులమైన మాకు కాదు అన్నాడు. నారదుడు విసుక్కోలేదు, ఇంతసేపు చెబితే ఇదా అనలేదు. పురంజనుడంటే జీవుడు అని మొదలుపెట్టి అన్నీ విప్పాడు.

అదే రోజు అర్థం చెప్పమని నేనన్న దానికి దీని వల్ల ఒక సవరణ అవసరమవుతోంది. 28వ అధ్యాయం పూర్తయిన చోట ఆగి, శ్రోతలను అడగనివ్వండి. ఎవరూ అడగకపోతే రాజు అన్న ఆ మాటను మీరే చదవండి, అది వాళ్ళ మాటే అవుతుంది.

మీ ప్రశ్నకు నేరుగా తగిలేది ఆ తరువాతి ఘట్టం. అర్థమంతా చెప్పేశాక నారదుడు మళ్ళీ కథ చెప్పాడు, ఈసారి ఒక్క శ్లోకంలో. పూలతోటలో ఆడలేడితో కలిసి మేస్తూ, తుమ్మెదల పాటకు చెవి అప్పగించిన మగలేడి ఒకటి ఉంది. ముందు తోడేళ్ళున్నాయి, వెనుక వేటగాడి బాణం అప్పటికే తగిలింది. ఈ లేడిని వెతుకు అన్నాడు రాజుతో. వెంటనే ఊపిరి తిప్పుకోకుండా ఆ తోట ఏమిటో, తోడేళ్ళెవరో, బాణం ఎవరిదో తానే చెప్పాడు. ఈసారి రాజు తెలియలేదనలేదు. ఈ సంగతి మా ఉపాధ్యాయులకు తెలియదు కాబోలు, తెలిస్తే ఎందుకు చెప్పకుండా ఉంటారు అన్నాడు. మీరు లేడి శ్లోకాన్ని మాత్రం విడదీయకుండా అర్థంతో సహా ఒకే విడతలో చదవండి.