ట్రైలర్‌లో 12 వోల్టుల కరెంటు నిలబడటం లేదు. పోయింది కన్వర్టరేనా? మార్చాలంటే ఏది వేయాలి?

ప్రశ్న: హంటర్ రోడ్డు, హనుమకొండ

అందరికీ నమస్కారం. మా దగ్గర చిన్న ట్రావెల్ ట్రైలర్ ఉంది. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం, బొలెరోకు తగిలించి లాక్కెళ్తాం. లోపల ఫిట్టింగులన్నీ అమెరికావి. అందుకని మొదటి ఓనర్ 230 వోల్టులను 120కి దించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించాడు. అక్కడి నుంచి అమెరికా ప్యానెల్‌లోకి వెళ్తుంది. ఆ ప్యానెల్‌లోని కన్వర్టర్ దాన్ని 12 వోల్టుల డీసీగా మారుస్తుంది. లైట్లు, నీళ్ల పంపు, ఫ్యాన్లు, చిన్న ఫ్రిజ్ అన్నీ ఆ డీసీ మీదే నడుస్తాయి. బ్యాటరీ 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్, ఇళ్లలో ఇన్వర్టర్లకు వాడే రకం.

మొన్న లక్నవరం వైపు ఒక తోటలో రాత్రి ఆగాం. అక్కడి ఇంట్లోంచే కరెంటు తీసుకున్నాం. మధ్యలో ఆ ఇంటి బల్బులు ఒక్కసారి బాగా వెలిగి మళ్లీ తగ్గాయి. అప్పటి నుంచి మా బ్యాటరీ చార్జ్ ఎక్కడం లేదు. ఇంటికొచ్చి రాత్రంతా ప్లగ్‌లో ఉంచినా తెల్లారేసరికి లైట్లు డిమ్, పంపు ఈడుస్తోంది. మైక్రోవేవ్ మాత్రం బాగానే పనిచేస్తోంది. బొలెరోకు తగిలించి ఇంజన్ స్టార్ట్ చేస్తే లైట్లు మళ్లీ మామూలుగా వెలుగుతున్నాయి. బ్యాటరీ షాపతను కొత్త బ్యాటరీ వేయించుకోమంటున్నాడు.

అమ్మకు షుగర్. ఆమె ఇన్సులిన్ ఆ ఫ్రిజ్‌లోనే పెడతాం. ఈసారి మేడారం జాతరకు అమ్మను ట్రైలర్‌లోనే తీసుకెళ్లాలని మాట ఇచ్చాను. అందుకే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి, దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: బ్యాటరీ పని, కరీంనగర్

అన్నా, బ్యాటరీ ఇప్పుడే కొనకండి. బొలెరో స్టార్ట్ చేస్తే లైట్లు సరిగ్గా వెలుగుతున్నాయంటే డీసీ వైరింగ్, ఫ్యూజులు బాగానే ఉన్నట్టు. ట్యూబులర్ బ్యాటరీని బయట చార్జర్‌తో పూర్తిగా ఎక్కించి కొన్ని గంటలు వదిలేయండి. తర్వాత 12.6 వోల్టుల దగ్గర నిలబడితే చాలావరకు బాగున్నట్టే. సెల్ షార్ట్ అయితే 10.5 దగ్గరికి పడిపోతుంది. ప్రతి సెల్‌లో యాసిడ్ గ్రావిటీ (సాంద్రత) కూడా చూపించుకోండి.

జవాబు: రిటైర్డ్ ట్రెయిన్ లైటింగ్, కాజీపేట

తమ్మీ, నేను రైల్వేలో బోగీల లైటింగ్ సెక్షన్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను. ఏసీ బోగీల కింద ఉండే బ్యాటరీలు 110 వోల్టులవి, నీది 12. నంబర్లు వేరైనా పని ఒకటే. బ్యాటరీ ఇంటి మీది ట్యాంకు, కన్వర్టర్ దాన్ని నింపే మోటారు. మోటారు ఆగితే ట్యాంకులో ఉన్నంతసేపే నీళ్లు. నీకు రాత్రికి డిమ్ అవుతున్నది అందుకే.

మైక్రోవేవ్ నడుస్తోందని రాశావు, అది చాలా పనికొచ్చే మాట. ట్రాన్స్‌ఫార్మర్, మెయిన్ బ్రేకర్ బాగున్నాయని దాంతో తేలిపోయింది. ఇక వెతకాల్సింది ప్యానెల్‌లో కన్వర్టర్‌కు వెళ్లే చిన్న బ్రేకర్ నుంచి బ్యాటరీ దాకానే.

మంచి మల్టీమీటర్ ఒకటి తీసుకో. ప్లగ్ పెట్టి ఉండగా బ్యాటరీ టెర్మినళ్ల మీద డీసీ వోల్టులు చూడు. కన్వర్టర్ బతికుంటే 13.2 నుంచి 14.4 మధ్య ఎంతో కొంత చూపాలి. 12.3 చూపిస్తూ మెల్లగా దిగుతుంటే కన్వర్టర్ ఏమీ ఇవ్వట్లేదని అర్థం. అక్కడితో కన్వర్టర్ పోయిందని తీర్మానించకు. చెడిపోయిన బ్యాటరీ మంచి కన్వర్టర్‌ను కూడా కిందికి లాగేస్తుంది. అందుకని ప్లగ్ తీసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి పక్కకు కట్టి, మళ్లీ ప్లగ్ పెట్టి కన్వర్టర్ అవుట్‌పుట్ దగ్గరే కొలువు. 13.6 ఉంటే కన్వర్టర్ బాగుంది, గొడవ బ్యాటరీది. సున్నా వస్తే దాని ఇన్‌పుట్ దగ్గర 120 అందుతోందో లేదో చూడు. ప్యానెల్ ముందు భాగంలో పెద్ద బ్లేడ్ ఫ్యూజులు రెండు పక్కపక్కనే ఉంటాయి. బ్యాటరీ వైర్లు ఎవరైనా తిరగేసి బిగిస్తే కాలిపోయేవి అవే. వాటిని బయటికి తీసి మీటరుతో కంటిన్యుటీ (లోపల తెగిందో లేదో) చూడు, పైకి చూసి మంచివని నమ్మకు. ఫ్యాన్ తిరగట్లేదని కంగారు పడొద్దు, చాలా కన్వర్టర్లలో అది వేడెక్కినప్పుడే తిరుగుతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. కన్వర్టర్ మూత విప్పొద్దు. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసే వోల్టేజ్ కాసేపు అలాగే ఉంటుంది.

ఏ రీడింగ్ ఎంత వచ్చిందో రాయి, తర్వాతి సంగతి చెబుతాను.

హంటర్ రోడ్డు, హనుమకొండ

సార్, మీరు చెప్పిన వరసలోనే చూశాను. ఇంటి సాకెట్ 236. ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత 123. కన్వర్టర్ ఇన్‌పుట్ దగ్గర కూడా 123. బ్యాటరీ విప్పి కొలిస్తే అవుట్‌పుట్ సున్నా. రెండు ఫ్యూజులూ బాగున్నాయి. బ్యాటరీని బయట చార్జ్ చేయించాను, మర్నాటికి కూడా 12.65 దగ్గర నిలబడింది. కరీంనగర్ అన్న చెప్పినట్టు గ్రావిటీ చూపించాను, అన్ని సెల్స్ దగ్గరదగ్గరగా ఉన్నాయి. కన్వర్టర్ లేబుల్ మీద ఇన్‌పుట్ 105 నుంచి 130 వోల్టులని, అవుట్‌పుట్ 45 ఆంపియర్లని ఉంది. అదే మోడల్ బయటి దేశం నుంచి తెప్పించాలా? రిపేరు అవుతుందా?

రిటైర్డ్ ట్రెయిన్ లైటింగ్, కాజీపేట

కన్వర్టరే పోయింది. బ్యాటరీ డబ్బులు మిగిలాయి, సంతోషం.

అదే మోడల్ తెప్పించొద్దు తమ్మీ. ఎందుకో లెక్క చూపిస్తాను. నీ ట్రాన్స్‌ఫార్మర్ 230ని 120 చేస్తుంది, అంతే తప్ప వోల్టేజ్‌ను అదుపులో పెట్టదు. పైన ఎంత పెరిగితే కింద అదే నిష్పత్తిలో పెరుగుతుంది. లేబుల్‌లోని 105 నుంచి 130 అంటే మన లైన్‌లో 201 నుంచి 249 దాకా మాత్రమే. ఊళ్లలో రాత్రి లోడు తగ్గాక 250 దాటడం, మోటార్లు నడిచేటప్పుడు 190కి పడటం నేను ఎన్నోసార్లు మీటరు పెట్టి చూసినవే. ఇక ఆ తోటలో బల్బులు ఒక్కసారి భగ్గున వెలిగాయంటే న్యూట్రల్ ఎక్కడో లూజు అయి ఉంటుంది. న్యూట్రల్ వదిలేస్తే ఒక ఫేజ్ మీది ఇళ్లకు 300, అంతకు పైన కూడా వచ్చేస్తుంది. 300 వస్తే నీ కన్వర్టర్‌కు 156 వెళ్లింది. అది తట్టుకునేలా దాన్ని తయారు చేయలేదు. మైక్రోవేవ్ అప్పుడు నడవట్లేదు కాబట్టి బతికింది.

రిపేరు చేసేవాళ్లు వరంగల్‌లో ఉన్నారు, మంచి చేయి ఉన్నవాళ్లే. కానీ బాగు చేయించినా మళ్లీ అదే ట్రాన్స్‌ఫార్మర్ వెనకే కూర్చుంటుంది. అమ్మ ఇన్సులిన్ దాని మీద ఆధారపడి ఉన్నప్పుడు నేనైతే ఆ పని చేయను. నేరుగా 230 మీద నడిచే, 180 నుంచి 265 వోల్టుల దాకా తట్టుకునే బ్యాటరీ చార్జర్ తీసుకో. పడవలకు, క్యారవాన్లకు వాడేవి మన దేశంలోనూ దొరుకుతున్నాయి. అందులో ట్యూబులర్ బ్యాటరీకి సరిపోయే సెట్టింగ్ ఉండాలి. మొదట 14.4 దాకా ఎక్కించి, నిండాక 13.5 చుట్టుపక్కలకు దిగి నిలబడాలి. సీసీటీవీ షాపుల్లో దొరికే మామూలు ఎస్ఎంపీఎస్ (కెమెరాలకు 12 వోల్టులిచ్చే పవర్ సప్లై) చవక కదా అని ఎవరైనా చెబితే వినకు. ఖాళీ బ్యాటరీ తగలగానే అది ఓవర్‌లోడ్ అయి ఆగుతూ, వెలుగుతూ ఉంటుంది. బ్యాటరీ నిండిందో లేదో దానికి తెలియదు.

45 ఆంపియర్లు నీకు అక్కర్లేదు. ఫ్రిజ్ కంప్రెసర్ నడిచేటప్పుడు 5, పంపు 6, లైట్లూ ఫ్యాన్లూ కలిపి 4 అనుకో, అన్నీ ఒకేసారి నడిచినా 15. బ్యాటరీకి దాని ఏహెచ్‌లో పదో వంతు, అంటే ఇంకో 15. మొత్తం 30 ఆంపియర్ల చార్జర్ చాలు. గోడ సాకెట్ నుంచి లాగేది మూడు నాలుగు ఆంపియర్లకు మించదు.

బిగించేటప్పుడు పాత కన్వర్టర్ భాగాన్ని మాత్రమే తీసెయ్. డీసీ ఫ్యూజు బోర్డు అక్కడే ఉంచి, కొత్త చార్జర్ వైర్లను దానికి ఇవ్వు. 230 లైన్‌ను మాత్రం ఆ అమెరికా బ్రేకర్లలోంచి పోనివ్వకు. అవి 120కి ఉద్దేశించినవి. పక్కనే చిన్న డబ్బా పెట్టి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్), చార్జర్‌కు 6 ఆంపియర్ల ఎంసీబీ (చిన్న బ్రేకర్), వాటి ముందు ఓవర్-అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ వేయించు. వోల్టేజ్ హద్దు దాటితే ఆ ప్రొటెక్టర్ లైన్‌ను తెంచేస్తుంది. కొత్త చార్జర్ కన్నా దానికే నేను ఎక్కువ విలువిస్తాను. ట్రాన్స్‌ఫార్మర్‌ను మైక్రోవేవ్ కోసం వేరే స్విచ్ మీద, అదే ప్రొటెక్టర్ తర్వాత ఉంచుకో.

డీసీ వైరు 10 చదరపు మిల్లీమీటర్ల రాగిది వాడు. రెండు మీటర్ల దూరానికి 30 ఆంపియర్ల దగ్గర పోయేది 0.2 వోల్టే. బ్యాటరీ పాజిటివ్‌కు జానెడు దూరంలోపే 40 ఆంపియర్ల ఫ్యూజు పెట్టు. చార్జర్‌ను బ్యాటరీ పెట్టెలో పెట్టొద్దు, ట్యూబులర్ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలి ఆడేచోట పెట్టు. మన దగ్గర మే నెలలో మూసిన ట్రైలర్ లోపల బయటికన్నా చాలా ఎక్కువ కాగిపోతుంది, ఆ వేడికి చార్జర్లు తమంతట తామే ఆంపియర్లు తగ్గించుకుంటాయి.

ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే పని మొదలుపెట్టకముందే ఈ మాట చెప్పు: ఈ బండిలో నల్ల వైరు న్యూట్రల్ కాదు. అమెరికా వైరింగ్‌లో ఏసీ నలుపు ఫేజు, తెలుపు న్యూట్రల్. డీసీలో కూడా బ్యాటరీ పాజిటివ్‌కు నలుపు, నెగటివ్‌కు తెలుపు వాడతారు. మన చేతులకు నలుపంటే న్యూట్రల్ అనే అలవాటు. దాంతో మనిషి ప్రాణం పోవచ్చు. ప్రతి వైరునూ మీటరుతో చూసి, టేపు చుట్టి, పేరు రాసిన తర్వాతే విప్పమను.

జవాబు: రైతు, గోవిందరావుపేట

జాతరకు వస్తున్నారు కాబట్టి మా వైపు సంగతి ఒకటి. ఎవరైనా బోరు స్టార్టర్ డబ్బా దగ్గర్నుంచి కరెంటు ఇస్తామంటే తీసుకోకండి. చాలాచోట్ల అక్కడికి మూడు ఫేజులే వస్తాయి, న్యూట్రల్ ఉండదు. నేలలో రాడ్ కొట్టి ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు వెలిగిస్తారు. మీ ట్రైలర్ బాడీని కూడా అదే రాడ్‌కు కలిపితే, నేల ఎండిపోయి ఉన్నప్పుడు బాడీకే షాక్ వస్తుంది. పిల్లలు, పెద్దవాళ్లు చెప్పుల్లేకుండా దిగుతుంటారు. ఏ ఇంట్లో ప్లగ్ పెట్టినా ముందు ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మూడూ కొలవండి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య నాలుగైదు వోల్టులు మించితే ఆ రాత్రి బ్యాటరీ మీదే గడపడం మేలు.

హంటర్ రోడ్డు, హనుమకొండ

పని పూర్తయింది. 30 ఆంపియర్ల చార్జర్, ప్రొటెక్టర్ అన్నీ సార్ చెప్పినట్టే వేయించాను. ఎలక్ట్రీషియన్ నల్ల వైరు మాట విని ఆగి, ప్రతిదీ కొలిచి చీటీలు అంటించాడు. ఇప్పుడు ప్లగ్ పెడితే బ్యాటరీ మీద 14.3, నిండాక 13.6. ఫ్రిజ్‌లో థర్మామీటర్ పెట్టి చూశాను, రాత్రంతా 4, 5 డిగ్రీల మధ్యే ఉంది. డాక్టరు 2 నుంచి 8 లోపు ఉంచమన్నారు. అమ్మకు చూపిస్తే అప్పుడే అమ్మవార్ల మొక్కుకు బెల్లం ఎంత తీసుకోవాలో లెక్క మొదలుపెట్టింది. సార్, అన్నలూ, మీరు ముగ్గురూ ఎంత భారం దించారో మాటల్లో చెప్పలేను. బయల్దేరే ముందు ఇంకేమైనా చూసుకోవాలా?

రిటైర్డ్ ట్రెయిన్ లైటింగ్, కాజీపేట

చాలా సంతోషం తమ్మీ. కొత్తగా బిగించిన లగ్గులు (వైర్ల చివర నట్టుకు బిగించే ముక్కలు) రోడ్డు కుదుపులకు వదులవుతాయి. ములుగు దాటాక ఎక్కడైనా ఆగి, ప్లగ్ లేనప్పుడు డీసీ నట్లన్నీ స్పానర్‌తో ఒకసారి బిగించు. ఆ రాత్రి చార్జింగ్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర, ఫ్యూజు బోర్డు దగ్గర ఇన్సులేషన్ మీద చెయ్యి పెట్టి చూడు. ఎక్కడైనా వేడి తగిలితే ప్లగ్ తీసి ఆ జాయింటును మళ్లీ చేయించు. అమ్మగారికి నమస్కారాలు చెప్పు.